తులసి తెచ్చిన క్రీం బిస్కట్లు

జగదీశ్వరి టీచరు ఒక మాటంటే దాని మీద నిలబడే మనిషి. ఎచ్చెర్ల దగ్గరి చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతి అప్పజెప్పగానే, చాక్లెట్లూ కూల్‌డ్రింకులూ క్రీం బిస్కట్లూ తన తరగతి గడప తొక్కకూడదని చెప్పేసింది. ఇంటర్వెల్లుకి ఉడకబెట్టిన వేరుశనక్కాయలో, రాగిపిండితో చేసిన చోడి ఉండో, అరటిపండో తెచ్చుకోవాలి. పిల్లల పిప్పిపళ్ళు చూసి చూసి ఆమె ప్రాణం ఉసూరుమనేది మరి.

సముద్రం ఒడ్డు పల్లె నుంచి ఆటోలో వచ్చే తులసి ఒకనాడు క్రీం బిస్కట్ల పేకెట్టు విప్పింది. టీచరు దాన్ని లాక్కుని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది.

"చూడండర్రా, ఇదీ ఒక తిండేనా? ఉత్త పంచదార! పళ్ళన్నీ ఊడి ముసలమ్మైపోతుంది మన తులసి."

తరగతంతా గొల్లుమంది. 'ముసలమ్మ తులసి' అన్న పేరు ఆ పూటే అంటుకుంది.

మర్నాటినుంచి తులసి ఏమీ తేలేదు. ఇంటర్వెల్ గంట కొట్టగానే కుళాయి దగ్గర కడుపునిండా నీళ్ళు తాగి వచ్చేది. పిల్ల దారికొచ్చిందని టీచరు మురిసిపోయింది. ఆ వారంలోనే ఒక ఉదయం, ప్రార్థనలో నిలబడ్డ తులసి ఉన్నట్టుండి కుప్పకూలింది.

కబురంది తల్లి దుర్గాభవాని చేపలబుట్ట ఎవరికో అప్పగించి పరిగెత్తుకొచ్చింది.

"మంచి తిండేటో నాకు తెల్దేటి టీచరమ్మా? దీని నాయన గుజరాత్ సేపల బోట్ల మీద పనికెల్లిపోనాడు. నాను సీకటుండగానే రేవుకి పోతాను. ఒండే దిక్కు నేక ఆ పేకెట్టు సేతిలో పెడతన్నాను. అదే దాని సద్ది. ఇప్పుడదీ ముట్టదు. ఏటే అంటే, 'నవ్వుతారమ్మా' అంటాది."

ఆవిడ నాలుగు తిట్టినా బాగుండునని జగదీశ్వరికి అనిపించింది. ఆవిడ తిట్టలేదు. పిల్ల మొహం కొంగుతో తుడిచి, ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత టీచరే పొద్దున్నే శనగలు ఉడికించి తరగతికంతా తేవడం మొదలుపెట్టింది. "ఆవేళ నేనన్నది తప్పమ్మా" అని అందరి ఎదుటా తులసికి చెప్పింది. పిల్లలు శనగల కోసం ఎగబడ్డారు, వెక్కిరింత మర్చేపోయారు. తులసి మటుకు దోసిలి పట్టి, గోడవైపు తిరిగి కూర్చుని, ఒక్కొక్క గింజే నోట్లో వేసుకుంది.

ఇప్పుడు నాలుగో తరగతికి వచ్చినా అంతే. వరండాలో పోతూ జగదీశ్వరి ఆ చిన్న వీపు చూసి ఆగుతుంది. 'ఇటు తిరిగి తినమ్మా' అనబోతుంది. అంటే నలుగురూ తల తిప్పి చూస్తారని, నోరు మూసుకుని వెళ్ళిపోతుంది.