గొంతులు అరువిచ్చిన ఇద్దరు

తెర మీద గుర్రాలు పరుగెడుతున్నాయి. చప్పుడు లేదు.

కోట బురుజు మీద జెండా కొట్టుకుంటోంది. గాలి లేదు.

నల్లని మబ్బు దిగివచ్చి వాన కురుస్తోంది... ఒక్క చినుకూ వినబడదు.

డబ్బింగ్ గదిలో మొదట అంతా ఇలాగే ఉంటుంది. పుట్టుమూగ లోకం. ఆ తర్వాత ఎవరో వస్తారు. మైకు ముందు నిలబడతారు. తమ గొంతు అరువిచ్చి వెళ్ళిపోతారు.

ఆమె అలా ఎందరో రాణులకు గొంతు ఇచ్చింది. అందుకే స్టూడియోలో ఆమెను అందరూ రాణిగారనే పిలుస్తారు. అతన్ని సేనాపతి అంటారు. కత్తి పట్టిన ప్రతి వీరుడూ అతని గొంతుతోనే గర్జించాడు, అతని గొంతుతోనే ప్రేమించాడు.

వాళ్ళ ప్రేమ కూడా ఆ గదిలోనే పుట్టింది.

ఒకే మైకు. భుజానికి భుజం తగిలేంత దగ్గర. ఎవరో రాసిన మాటలు ఒకరికొకరు చెప్పుకునేవారు. ఒక రోజు ఏదో పాత వీరగాథలో పెళ్ళి సీను. 'ఈ జన్మకు నువ్వే' అనాలి అతను. అన్నాడు. సీను అయిపోయింది, తెర తెల్లబడింది. అతను మాత్రం తెర వైపు చూడటం లేదు.

ఆమె వైపు చూస్తున్నాడు.

అంతే. ఆ ఏడే పెళ్ళి చేసుకున్నారు.

పెళ్ళయ్యాక తెలిసింది ఆమెకు — ఇంట్లో అతని గొంతుకు సెలవని.

మెడకు మఫ్లరు. గోరువెచ్చని నీళ్ళ సీసా. చల్లగాలి తగిలితే కిటికీ మూత. కూర ఎలా ఉందని అడిగితే తల ఊపేవాడు. రేపు ఎన్నింటికి వెళ్ళాలంటే వేళ్ళు చూపించేవాడు. ఒకసారి ఆమె అక్క వచ్చి రెండు రోజులుండి, వంటింట్లో చెవి దగ్గర అడిగింది.

"ఏమే, మీ ఆయన అలిగాడా?"

"లేదక్కా. దాచుకుంటున్నాడు."

ఇద్దరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

అప్పట్లో నవ్వు వచ్చేది.

నవ్వు ఎండిపోవడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. రోజూ కాస్త... రోజూ కాస్త. ఎండకు బావి నీరు దిగినట్టు. ఎప్పుడు దిగిందో చూసినవాళ్ళు ఉండరు. ఒక రోజు బొక్కెన అడుగున కొట్టుకుంటుంది.

అలాంటి రోజే వచ్చింది. బయట వాన. అతను టవలుతో తల తుడుచుకుంటున్నాడు.

"పొద్దున్న నన్ను ప్రాణమా అన్నావు," అంది ఆమె. "మైకు ముందు. అది రాసినాయన మాట. నీ సొంత మాట... ఒక్కటి... నాకెప్పుడైనా చెప్పావా?"

అతని నోరు తెరుచుకుంది.

మూసుకుంది.

వెళ్ళి కిటికీ రెక్క వేసి వచ్చాడు. జల్లు పడుతోందని.

ఆమె ఆ సాయంత్రమే అక్క ఇంటికి వెళ్ళిపోయింది. తిట్టుకోలేదు. కొట్టుకోలేదు. విడాకులన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆ మాటకైనా ఒక గొంతు కావాలి కదా.

ఏళ్ళు వెళ్ళాయి.

పని పద్ధతీ మారింది. ఇప్పుడు ఎవరి మాటలు వాళ్ళు విడివిడిగా చెప్పి వెళ్ళొచ్చు. అతను పొద్దున్న వచ్చి చెప్పి వెళ్ళేవాడు. ఆమె మధ్యాహ్నం వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకునేది. చెవిలో అతను. 'రాణీ, తలెత్తి చూడు.' ఆమె తలెత్తేది. గాజు అవతల సౌండ్ ఇంజనీరు ఒక్కడే ఉండేవాడు. చెవిలోని గొంతుకు బదులు చెప్పి ఆమె ఇంటికి వచ్చేసేది.

ఒకే కోటలో కాపురం... ఒక్కసారైనా ఎదురుపడకుండా.

ఆ సౌండ్ ఇంజనీరే ఒక ఉదయం ఫోన్ చేశాడు. చీమ చిటుక్కుమన్నా వింటాడని అతన్ని అందరూ చెవిగాడంటారు. వాళ్ళ పెళ్ళికి సాక్షి సంతకం పెట్టినవాడు.

"వదినా, ఒక పెద్ద కథ వచ్చింది. పాత గాథే, కొత్తగా తీశారు. రాణికి నువ్వే చెప్పాలి."

"చెప్తాను. ఎప్పుడు రమ్మంటావ్?"

"అది కాదొదినా... ఇద్దరూ ఒకేసారి. ఒకే మైకు. అన్న పట్టుబట్టాడు."

ఆమె ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"అన్న గొంతులో గడ్డ. ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. స్వరపేటిక మొత్తం తీసేస్తారట." చెవిగాడు గొంతు సవరించుకున్నాడు. "ఇదే చివరిది వదినా."

అక్క గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"వెళ్తావా?"

"వెళ్తాను."

"వెళ్ళి ఏం మాట్లాడతావే?"

"రాసిందే మాట్లాడతానక్కా."

గదిలో అదే చీకటి. గోడలకు అదే పాత తివాచీ వాసన. అతను ముందే వచ్చి ఉన్నాడు. చొక్కా లోపల మనిషి తగ్గిపోయాడు. మఫ్లరు మాత్రం అలాగే ఉంది.

"బాగున్నావా?" అంది ఆమె.

తల ఊపాడు.

ఇన్నేళ్ళ తర్వాత కూడా... తలే ఊపాడు. ఆమెకు ఏడుపు రావలసిన చోట కోపం వచ్చింది.

దర్శకురాలు చిన్నపిల్లలా ఉంది. కథ చెప్పింది. యువరాణికీ సేనాపతికీ పెళ్ళి. ఉంగరం తొడగబోయే వేళ యుద్ధపు బాకా మోగుతుంది. అతను గుర్రమెక్కి వెళ్ళిపోతాడు. ఆమె బురుజు మీద నిలబడుతుంది. ఋతువులు మారతాయి. చివరికి అతను వస్తాడు, మొహం కాలిపోయి, గుర్తుపట్టలేనట్టు. బురుజు మీంచి ఆమె అడుగుతుంది — ఎవరది?

"మా నాయనమ్మ పాడే పాటలో అతను చెప్పడండీ," అంది దర్శకురాలు. "దారిన పోయేవాణ్ణి అనేసి వెళ్ళిపోతాడు. నాకు ఆ ముగింపే ఇష్టం. మా నిర్మాత ఒప్పుకోలేదు. పెళ్ళి లేకుండా జనాన్ని ఇంటికెలా పంపిస్తావమ్మా అన్నారు. అందుకని మన సినిమాలో అతను 'నేనే' అంటాడు."

"పాటలో ఎందుకు చెప్పడు?" రాణిగారు అడిగింది.

"నేనూ అడిగాను. అది పాటలో లేదు పొమ్మంది నాయనమ్మ."

అతను నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు చాలాసేపు ఆగలేదు.

మొదలుపెట్టారు. ప్రేమ సీన్లు, పెళ్ళి సీను. అతని గొంతు ఒక్కోచోట చినిగేది, మళ్ళీ కుట్టుకునేది. పక్కన నిలబడిన ఆమెకు అతని ఊపిరి తెలుస్తోంది. ఏ మాటకు ముందు ఆగుతాడో, ఏ మాట మింగుతాడో... ఒళ్ళు మరిచిపోలేదు.

ఆఖరి సీను వచ్చింది.

"ఎవరది?" అంది ఆమె.

"నే..."

రాలేదు.

"ఇంకోసారి సార్."

"ఎవరది?"

రాలేదు. మళ్ళీ. మళ్ళీ రాలేదు. రెండక్షరాల మాట. రాజ్యాలు గెలిచిన గొంతు ఆ రెండక్షరాల ముందు మోకరిల్లింది.

కాసేపు ఆపుదామన్నారు. చెవిగాడు వేడినీళ్ళకు వెళ్ళాడు. దర్శకురాలు ఫోన్ పట్టుకుని బయటికి నడిచింది. మైకు ఆపేసి ఉంది. తెర మీద కోటగుమ్మం, ముందు కాలిన మొహంతో ఒక మనిషి.

"మాటల్లేక కాదు," అన్నాడు అతను.

ఆమె తిరిగి చూసింది.

"రోజంతా అవే చెప్పేవాణ్ణి. ప్రాణమా... బంగారమా... దొరికిన ప్రతి కథలోనూ." ఒక్కో మాటనూ లోతులోంచి తోడుకుంటున్నాడు. "ఇంటికొచ్చి నీకు చెప్పబోతే అదే గొంతు వచ్చేది. అదే విరుపు. నాకే అబద్ధంలా వినిపించేది. నీకు డైలాగు చెప్తున్నానని అనుకుంటావేమోనని... భయమేసింది. అందుకే నోరు మూసుకున్నా."

అది ఎవరూ రాయని మాట.

అతని సొంతది.

ఆమె ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట ఇదే. వచ్చింది. బొంగురుపోయి, ఒగరుస్తూ, పోయేముందు వచ్చింది.

"ఇది అప్పుడే చెప్పి ఉంటే..."

"ఎలా చెప్పాలో తెలీలేదే."

ఏ వీరుడికైనా క్షణంలో బదులిచ్చిన మనిషి ఆమె. ఇప్పుడు ఆమె ముందు కాగితం లేదు. వెతికింది... వెతికింది...

"నీళ్ళు తాగు," అంది. "గొంతు ఆరిపోతుంది."

చెవిగాడూ దర్శకురాలూ తిరిగి వచ్చారు. ఎర్రదీపం వెలిగింది.

"ఎవరది?"

"నేనే."

అది వీరుడి గొంతు కాదు. అలిసిపోయిన మామూలు మనిషి తన ఇంటి తలుపు ముందు నిలబడి అన్న మాట. చెవిగాడు తల ఎత్తలేదు. తర్వాతి మాట రాణిది. 'ఇన్నాళ్ళకా?' అని సంబరంగా అనాలి. ఆమె అన్నది. సంబరం మాత్రం రాలేదు.

దర్శకురాలు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"అలాగే ఉంచేద్దాం," అంది.

ఆపరేషన్ రోజు ఆమె ఆసుపత్రికి వెళ్ళింది. అతను మత్తులో ఉన్నాడు. మెడ చుట్టూ తెల్లటి కట్టు.

"మీరేమవుతారండీ?" నర్సు అడిగింది.

ఒక్క క్షణం పట్టింది.

"భార్యని."

వారం పాటు రోజూ వెళ్ళింది. దిండు సర్దింది. పక్క బెడ్డు ముసలాయనతో కబుర్లు చెప్పింది. అతను వింటూ పడుకునేవాడు. డాక్టర్లు యంత్రం ఒకటి ఉందన్నారు, మెడకు ఆనిస్తే మాట వస్తుందని. అతను చెయ్యి అడ్డంగా ఊపాడు. ఇంటికి పంపే రోజున అతని తమ్ముడు కారు తెచ్చాడు. అతను రమ్మనలేదు, ఆమె వస్తాననలేదు. అతనికి గొంతు లేదు. ఆమెకు ఉండీ...

కారు వెళ్ళిపోయింది.

చలి పోయి ఎండలు ముదిరాక సినిమా విడుదలైంది. చెవిగాడే ఇద్దరికీ మధ్యాహ్నం ఆటకు టికెట్లు పంపాడు. పక్కపక్క సీట్లు.

తెర మీద గుర్రాలు. ఈసారి డెక్కల చప్పుడుంది. గాలి ఉంది. వాన ఉంది. అతని గొంతు హాలు గోడలకు తగిలి తిరిగి వస్తోంది. అతను మాత్రం తన కుర్చీలో నిశ్శబ్దంగా కూర్చుని, తనను తాను వింటున్నాడు.

"ఎవరది?"

"నేనే."

హాలంతా ఊపిరి బిగబట్టింది. అతని చెయ్యి మెడ దగ్గరి గుడ్డ మీదికి వెళ్ళింది.

వెనక వరసలో ఒకమ్మాయి ముక్కు చీదింది. "ఎంత బాగా అన్నాడో చూడు. నువ్వెప్పుడైనా నాతో అలా మాట్లాడావా?"

"అది డబ్బింగే పిచ్చిమొహమా. ఎవడో పక్కనుంచి చెప్పుంటాడు."

చీకట్లో ఆమె చెయ్యి చాచింది. అతని చేతిని పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. తెర మీద పెళ్ళి జరిగింది. పూలు కురిశాయి. దీపాలు వెలిగాయి. జనం లేచారు. చేతులు విడిపోయాయి.

బయట ఎండ కళ్ళలో పొడిచింది. అతను రోడ్డు దాటి బస్సు ఆగేచోటికి వెళ్ళాడు. ఆమెది ఇవతలి వైపు. మధ్యలో బళ్ళు, హారన్లు, దుమ్ము.

అతను వెనక్కి తిరిగాడు. చెయ్యి సగం ఎత్తాడు. పెదవులు కదిపాడు.

వస్తా...

అంతవరకు పట్టుకుంది ఆమె. సరిగ్గా అప్పుడే ఒక లారీ అడ్డం వచ్చింది. దాటిపోయింది. అతని పెదవులు అప్పటికే మూసుకున్నాయి.

వస్తా — వెళ్ళేవాళ్ళు అనే మాట.

వస్తావా — పిలిచేవాళ్ళు అనే మాట.

తేడా ఒక్క అక్షరం. కింది పెదవి పంటికి తాకి విడిపోయేంత. బతుకంతా తెర మీది పెదవులు చూసి బతికిన మనిషి, ఆ ఒక్కటీ చూడలేకపోయింది.

అవతల బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. ఒకావిడ అతన్ని తోసుకుని ఎక్కింది. కండక్టరు ఏదో అరుస్తున్నాడు.

అతను ఇంకా ఎక్కలేదు.