వాణి పేరు మీద

"వాణి ఉన్నప్పుడు పప్పు గిట్ల నీళ్లనీళ్లు ఉండకపోతుండె" అంది మా అత్త గంగవ్వ. అన్నాక నాలుక కరుచుకుంది. నేను ఆమె కంచంలో ఇంకో గరిటె వేశాను. వాణి నా భర్త హరీశ్ మొదటి భార్య. ఆమె చనిపోయి నాలుగేళ్లు, నేను ఈ ఇంటికి వచ్చి మూడేళ్లు. పోపుల డబ్బా, కుర్చీ, తలుపు గడియ, ఏది ముట్టుకున్నా నాకంటే ముందు ఆమె చెయ్యి అక్కడ ఉన్నట్టే ఉంటుంది.

గిన్నెలు కడిగి లాప్‌టాప్ తెరిచాను. అదీ ఆమెదే. తెలుగు రాతను చూపులేనివాళ్లకు చదివి వినిపించే ప్రోగ్రామ్ ఒకటి వాణి రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, మార్చుకునేలా నెట్‌లో పెట్టింది. నేనూ డిచ్‌పల్లిలో ఎంసీఏ చదివినదాన్నే. పెళ్లయిన కొత్తలో ఎవరో అడిగిన సందేహం జవాబు లేకుండా పడి ఉంటే, తెలుసు కదా అని రాసేశాను. లాప్‌టాప్‌లో ఆమె అకౌంటే తెరిచి ఉండడంతో అది వాణి పేరుతో వెళ్లింది. "వాణిగారూ, ఇన్నాళ్లకు కనిపించారు, సంతోషం" అని అటునుంచి వచ్చింది. ఆమె లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అలా మూడేళ్లు వాణిగానే పనిచేశాను.

ఒకసారి పేరు మారుస్తానంటే హరీశ్ ఒప్పుకోలేదు. "పేరుతోటి ఏం పని, పద్మా? నువ్వు చేస్తుంటే గామె ఇంక ఉన్నట్టే అనిపిస్తది నాకు" అన్నాడు. ఆ మెయిళ్లన్నీ తన ఫోన్‌కు కూడా వచ్చేలా పెట్టుకున్నాడు. వాణికి ఎవరో చెప్పిన కృతజ్ఞతలు చదివి కళ్లు తుడుచుకుంటాడు. నేను పక్కన చాయ్ పట్టుకుని నిలబడతాను. నాకూ ఏడుపొస్తుంది, ఆమె కోసం కాదు.

ఈసారి చిక్కు బిల్డ్ టూల్‌తో వచ్చింది. రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా తయారుచేసేది అదే. దాని కొత్త వెర్షన్‌లో మా ప్రోగ్రామ్ బిల్డ్ కావడం లేదు. వచ్చే నెల మా ప్రోగ్రామ్‌ను వాడే పెద్ద యాప్‌లన్నీ ఆ కొత్తదానికి మారుతున్నాయి, చిన్న యాప్‌లు ఇంకా పాతదాంట్లోనే ఉన్నాయి. వాణి ఫైల్లో పాత వెర్షన్‌నే ఖాయం చేసి, పైన ఒక మాట రాసిపెట్టింది: "దీన్ని కదిలించకండి. దవాఖాన నుంచి వచ్చాక నేనే చూస్తాను." మూడేళ్లుగా నేను ఆ మాట దాటలేదు. చదివినప్పుడల్లా ఒకసారి తలుపు వైపు చూసేదాన్ని.

ఇక దాటక తప్పలేదు. కొత్తదానికి సరిచేస్తే పాతది ఆగిపోతోంది, పాతదాన్ని కాపాడితే కొత్తది మొరాయిస్తోంది. వంటకూ చాయ్‌కూ నడుమ దొరికిన నాలుగు మధ్యాహ్నాలు దానితోనే కుస్తీపట్టాను. ఇవాళ రెండిట్లోనూ నడిచింది.

"అయిందా, వాణీ?" అంది గంగవ్వ, బీడీలకు తునికాకు కత్తిరిస్తూ. ఈసారి నాలుక కూడా కరుచుకోలేదు.

"నేను పద్మను, అత్తమ్మా. పని నాది, పేరే వాణక్కది."

కత్తెర ఆగింది.

"మా అత్త సచ్చినంక నేను ఆమె బీడీ కార్డు మీదనే, ఆమె పేరుతోటే బీడీలు చుట్టిన. పదకొండేండ్లు. షావుకారికి కట్టలు అందితే చాలు. పేరుతోటి ఏం పని అన్నడు మీ మామ. ఆఖరికి పింఛన్‌కు పోతే, నువ్వు ఒక్క బీడీ చుట్టినట్టు కాయితం లేదన్నరు."

మళ్లీ ఆకు అందుకుంది. చేతివేళ్లు మొద్దుబారి, గోళ్లు అరిగిపోయి ఉన్నాయి.

ఫైల్లోంచి వాణి రాసిన మాట తీసేశాను. కొత్త వెర్షన్ గురించి అందరికీ పంపే మెయిల్లో, పేరు ఉండాల్సినచోట నా పూర్తి పేరు పద్మలత అని పెట్టి, కింద రాశాను: "వాణిగారు నాలుగేళ్ల కిందట చనిపోయారు. మూడేళ్లుగా మీకు జవాబులిస్తున్నది నేను."

ఈ మెయిల్ హరీశ్‌కూ వెళుతుంది. ఆర్మూర్ మార్కెట్లో పసుపు రాశుల ముందు, బేరం మధ్యలో ఫోన్ తీసి, వాణి చనిపోయిందని ఆయన రెండోసారి తెలుసుకుంటాడు.

పంపాను.