తాళాల మేస్త్రి

మిషనక్కను ఇంట్లోంచి వెళ్లగొట్టిన రోజు మేమంతా వరండాల్లో నిలబడి చూశాం. ఒక్కరమూ నోరు విప్పలేదు.

మిషనక్క బట్టలు కుట్టుకుని బతికే మనిషి. మేముండే పాత బిల్డింగు కూలగొట్టి షాపులు కట్టాలని ఓనరు పట్టుబట్టాడు. అతని ప్లీడరు ఆర్డరు తెచ్చాడు. కోర్టు అమీనా దాన్ని గబగబా చదివేశాడు. పోలీసులు సామాన్లు కిందికి దించి, కుట్టుమిషన్ని వానలో పెట్టారు. చూపు ఆనని ఆమె అత్తగారిని కుర్చీతో సహా మోసుకొచ్చారు. తాళాల మేస్త్రి పాత తాళం పీకి, కొత్తది బిగించి, తాళంచెవులు ఓనరు చేతిలో పెట్టాడు. సంచి సర్దుకుని దిగుతుంటే ముసలమ్మ అలికిడి విని అతని చెయ్యి పట్టుకుంది.

"తాళం గట్టిగా వేశావా నాయనా? మేం తిరిగొచ్చేదాకా ఇల్లు జాగ్రత్త."

"వేశానమ్మా" అన్నాడు మేస్త్రి. ఆ చెయ్యి ఎలా విడిపించుకోవాలో అతనికి తెలియలేదు.

కొన్నాళ్లకు ప్లీడరు అతన్ని ఓనర్ల సంఘం మీటింగుకు పిలిపించాడు. అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించడమెలాగో ఓనర్లకు ఉచితంగా సలహా చెప్పే మీటింగు అది.

"ముందు నోటీసు, తర్వాత కేసు. డిక్రీ వచ్చాక అమీనా, పోలీసులు. తొందరపడి నీళ్లు ఆపకండి, కరెంటు తీసెయ్యకండి. అంతా చట్టప్రకారం జరగాలి" అన్నాడు ప్లీడరు.

"లోపల ముసలీ ముతకా ఉంటే?" అని ఒక ఓనరు అడిగాడు.

"ఎవరున్నా బయటికే. ఆఖర్న ఇడుగో, మన మేస్త్రి. ఒక్క ఫోను కొడితే చాలు."

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వబోయాడు గానీ మొహం సహకరించలేదు. నోటీసు రాసినవాడు గడప దాకా రాడు. తీర్పిచ్చినవాడు ముసలమ్మను చూడడు. తలుపు మూసే చెయ్యి మాత్రం తనది.

ఇంటికెళ్లి కంచం ముందు కూర్చుని జరిగింది చెప్పాడు. సంగతంతా విని భార్య అంది: "మనదీ అద్దె కొంపే కదా. రేపు మనింటికి తాళం ఎవరు మారుస్తారు? నువ్వేనా?"

మర్నాడు సాయంత్రం మా బిల్డింగు డాబా మీద మీటింగు. ఈసారి మిల్లులో పనిచేసే పెద్దాయన ఇల్లు ఖాళీ చేయించమని ఆర్డరు వచ్చింది. మిషనక్క కూడా వచ్చింది. మేస్త్రి మెట్లెక్కి రాగానే గోల మొదలైంది.

"ఓనరు మనిషి! గెంటండి వీణ్ణి!"

మేస్త్రి మిషనక్క ముందు నిలబడ్డాడు. "తప్పయిపోయిందక్కా. పెద్దమ్మ ఎలా ఉంది?"

"పోయింది. ఆ తాళాలాయన మంచివాడు, ఇల్లు పదిలంగా ఉంటుంది అనుకుంటూనే పోయింది."

మేస్త్రి కూలబడిపోయాడు. అతని ఏడుపు చూసి మాకూ తలలు వాలిపోయాయి. ఆ రోజు వరండాల్లో నిలబడింది మేమే కదా.

మిషనక్క మాత్రం మెత్తబడలేదు. "నీ ఏడుపుతో నా మిషను తుప్పు వదుల్తుందా? నువ్వు మానేస్తే ఇంకొకడొస్తాడు. దానికేం చేస్తావో చెప్పు."

"ఇంకొకడు రాకుండా చూస్తా" అన్నాడతను కళ్లు తుడుచుకుని.

బస్టాండు దగ్గర తాళాలవాళ్లంతా వరసగా కూర్చుంటారు. ఇళ్లు ఖాళీ చేయించే పనులకు ఎవరూ వెళ్లొద్దని మేస్త్రి వాళ్ల మధ్యకెళ్లి చెప్పాడు.

"మా పొట్ట కొడతావా?" అని ఒకడు ఎగిరాడు. "ఇన్నాళ్లు నువ్వు తిని, ఇప్పుడు మాకు నీతులా?"

"తిన్నాను. అరగట్లేదు. అందుకే చెప్తున్నా."

తిట్టుకున్నారు, కాలర్లు పట్టుకున్నారు. చివరికి మనుషులున్న ఇంటికి తాళం మార్చబోమని అందరూ ఒక్కమాట మీదికొచ్చారు.

అమీనా పోలీసులతో వచ్చిన రోజు మేం వరండాల్లో లేం. కింది మెట్టు నుంచి పెద్దాయన గడప దాకా ఆడా మగా ఒరుసుకుని కూర్చున్నాం. ప్లీడరు ఒకడి తర్వాత ఒకడికి ఫోన్లు కొట్టాడు. ఎవడూ కదల్లేదు. ఆఖరికి మా మధ్యలోంచి మేస్త్రి లేచాడు.

"నేనిక్కడే ఉన్నా సార్. తాళం మార్చను."

"కోర్టు ఆర్డర్రా ఇది!"

"ఆర్డరు మీ దగ్గరుంది. చేతులు నావి."

ఎస్సై సైగ చేశాడు. కానిస్టేబుళ్లు మేస్త్రిని కాలరు పట్టుకుని ఈడ్చుకెళ్లి వ్యానులో పడేశారు. మిగిలినవాళ్లం చెదిరిపోతామనుకున్నారు కాబోలు. మిషనక్క లేచి, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, ఎవరూ పిలవకుండానే వ్యానెక్కింది. ఆమె వెనకే పెద్దాయన కదిలాడు. ఆయన వెనక మేమంతా.

మేస్త్రి తలెత్తి ఆమెకేసి చూశాడు.

"క్షమించాననుకోకు" అంది మిషనక్క. "కాస్త జరుగు. ఇంకా చాలామంది ఎక్కాలి."