స్విచ్చు పెట్టె తాళంచెవి

సారిక సంచీ నేనే సర్దాను. మడతపెట్టిన రెండు చీరలు, తువ్వాలు, దువ్వెన, జ్వరం మాత్రలు, అరటాకులో చుట్టిన పులిహోర. అన్నిటికీ అడుగున నా కీర్తనల పుస్తకం.

"పొద్దున్న వెళ్ళి రాత్రికి వచ్చేదానికి రెండు చీరలెందుకు అమ్మమ్మా?"

"రేపు కూడా ఉండమంటే?"

"ఉండమంటే మంచిదే కదా. పొమ్మంటారనే నీ భయం" అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

జిప్పు లాగి చివర నాలుగు వేళ్ళు పట్టేంత వదిలేశాను. అది చూసి, "మళ్ళీ మొదలెట్టావా?" అంది. ఏ సంచీకీ నేను జిప్పు పూర్తిగా వెయ్యను. దీని తల్లి కువైట్‌లో పనికి వెళ్ళిన రోజున మాత్రం గట్టిగా వేసి, చిన్న తాళం కూడా బిగించాను. రెండేళ్ళకి సంచీ తిరిగొచ్చింది, తాళం అలాగే ఉంది. నా కూతుర్ని అక్కడే మట్టిచేశారు. అంతకు ముందు మా ఆయన పోలవరం వైపు పనికని సంచీ భుజాన వేసుకుని వెళ్ళాడు, అంతే. మా ఇంటి గుమ్మం దాటి వెళ్ళే మనిషి వీపు చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడ.

సారికని మాత్రం ఎక్కడికీ పంపకుండా పెంచుకున్నాను. మొగల్తూరు దగ్గర మా ఊళ్ళోనే, మిషను బడిలో టీచరయ్యింది. ఇప్పుడు దాన్ని రాజమండ్రిలో బడి యాజమాన్యం వాళ్ళ ఆఫీసుకి విచారణకి పిలిచారు. ఉద్యోగం ఉంటుందో, పోలీసు కేసు అవుతుందో అక్కడ తేలుతుంది.

జరిగింది చెబుతాను. 2022 డిసెంబరు మొదట్లో, ఒక సోమవారం. మా బడి కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళాలి. లోపల ఒకటే కంప్యూటరు, పిల్లలందరికీ కనపడాలని దానికి గోడ మీద పెద్ద టీవీ తగిలించారు. అంతకు ముందు ఏడు ఎవరో పిల్లాడు స్విచ్చు ఆర్పేస్తే, ఎక్కిస్తున్న మార్కులన్నీ పోయాయి. అప్పుడు హెడ్మాస్టరు శాంతికుమార్ గారు వడ్రంగిని పిలిపించి గట్టి టేకు పెట్టె ఒకటి చేయించారు. కంప్యూటరు డబ్బా, బ్యాటరీ, స్విచ్చులు, ఆఖరికి టీవీ రిమోటు కూడా అందులో పెట్టి తాళం వేసేవారు. పొద్దున్నే తెరిచి ఆన్ చేసి మళ్ళీ తాళం. చెవి ఆయన చొక్కా జేబులో.

ఆ సోమవారం సారిక ఆరో తరగతికి సైన్సు చెబుతోంది. ఆకు బొమ్మ మీద ఉన్నట్టుండి ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. దాన్ని తీసేస్తే రెండు. రెండూ తీసేస్తే బట్టల్లేని ఆడా మగా. నేను చూడలేదు, సారిక కూడా ఇంతకంటే చెప్పలేదు. స్విచ్చు ఆర్పుదామంటే పెట్టెకి తాళం. హెడ్మాస్టరు గారు పక్కూళ్ళో ఎవరిదో సమాధి కార్యక్రమానికి వెళ్ళారు, చెవి ఆయన జేబులోనే వెళ్ళింది. సారిక కుర్చీ ఎక్కి, పైట విప్పి టీవీకి అడ్డంగా పట్టుకుని, "అందరూ బయటికి, బయటికి" అని అరిచింది. పిల్లలు వెళ్ళాక కూడా, తలుపులోంచి ఎవరైనా చూస్తారని ఆయన వచ్చేదాకా అలాగే నిలబడింది.

సాయంత్రానికి ఊరంతా బడి ముందే. రొయ్యల చెరువుల పెదబాబు కూతురు గీతిక ఆ తరగతిలోనే చదువుతోంది. తల్లిదండ్రుల కమిటీకి అతనే పెద్ద.

"ఏంటి టీచరమ్మా, సైన్సు పాఠం బాగా చెప్పావంట!"

"నేను తెరవలేదండి. దానంతట అదే వచ్చింది."

"మా ఇంట్లోనూ ఉంది టీవీ. దానంతట అది వార్తలు కూడా పెట్టదు. నువ్వు ఇంటికాడ చూసుకునేవి బడిలో పెట్టావు. నిన్ను తీసెయ్యాలి, లేదా స్టేషనుకి పోతాం."

ఆడపిల్లని పట్టుకుని అంత మాట అంటుంటే ఎవరూ నోరు విప్పలేదు. మర్నాడు నర్సాపురం నుంచి సుకుమార్ అని ఒక కుర్రాడొచ్చి కంప్యూటరు చూశాడు. లోపల దొంగ ప్రోగ్రాము దూరిందట. ఆ బొమ్మలు తెచ్చేది అదేనట. అంతేకాదు, పిల్లల పేర్లూ మార్కులూ ఏది కొట్టినా దొంగచాటుగా చూస్తుందట. ఎవరి చేతిమీదుగా వచ్చిందంటే, "అది చెప్పలేనండి, గదిలోకి అందరూ వస్తారు కదా" అన్నాడు. అందరూ వస్తారు గానీ, ఆ గంటలో ఉన్నది సారిక ఒక్కతే. దాని పేరు మీద సంజాయిషీ నోటీసు వచ్చింది. కింద శాంతికుమార్ గారి సంతకం.

నోటీసు నేనే చదివాను. నేను ఏనాడూ బడికి వెళ్ళి చదువుకోలేదు. కీర్తనలు ముందే నోటికి వచ్చు కాబట్టి, నోట్లో ఉన్న మాటని పుస్తకంలో వేలితో వెతుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. 'సంజాయిషీ' అన్న మాట ఏ కీర్తనలోనూ లేదు. కూడబలుక్కుని చదివేసరికి చెమట పట్టింది.

విచారణ రోజున నేనూ బయలుదేరాను. నర్సాపురంలో బస్సెక్కితే ముందు సీట్లో శాంతికుమార్ గారు. ఒళ్ళో నల్ల సంచీ. నన్ను చూసి లేచి నిలబడ్డారు.

"రూతమ్మగారూ, మీరు కూడానా అండీ? రండి, కిటికీ పక్కన కూర్చోండి. అమ్మాయికి నేనున్నాను కదండీ."

"మీరు అటువైపు కదండీ" అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. మంచి మనిషి. చర్చిలో పాటలు నేర్పేది ఆయనే. నా మనవరాలికి అక్షరాలు దిద్దించిందీ ఆయనే. ఏడాదిలో రిటైరవుతారు. అయినా ఆ సంతకం నా కళ్ళముందే ఉంది.

పాలకొల్లు దాటాక, వెనక సీట్లో కూర్చున్న మా వైపు ఆయనే తిరిగారు.

"అసలు మొట్టమొదట ఏం వచ్చిందమ్మా? కాగితాల మీద చదవడమే గానీ, నిన్ను అడగనేలేదు."

"మూలన చిన్న గంట బొమ్మ వచ్చింది సార్. క్రిస్మస్ ట్రాకులు ఫ్రీ అని రాసుంది. పిల్లలు గంట, గంట అని చప్పట్లు కొట్టారు. తీసేద్దామని ఇంటూ గుర్తు మీద నొక్కాను. అంతే, వరస పెట్టి వచ్చాయి."

"గంటకి ఎర్ర రిబ్బనుందా?"

"మీకెలా తెలుసు సార్?"

ఆయన ముందుకి తిరిగిపోయారు. సిద్ధాంతం బ్రిడ్జి ఎక్కింది బస్సు. కింద గోదారి, ఇసుక మేటలు. బ్రిడ్జి సగానికి వచ్చాక, మా వైపు చూడకుండానే మాట్లాడారు.

"ఆదివారం ఆరాధనయ్యాక ఆ గదిలో కూర్చున్నది నేనమ్మా. ఇంటింటికీ పాడే కేరల్స్‌కి ఈ ఏడు డోలక్ బదులు రికార్డు ట్రాకులు కావాలని కుర్రాళ్ళు ఒకటే గోల. ఒకచోట ఆ గంట బొమ్మ పెట్టి ఫ్రీ అన్నాడు. అలౌ, బ్లాక్ అని రెండు చూపించి ఏది నొక్కుతావు అన్నాడు. పైన ప్లీజ్ అని కూడా పెట్టాడు. అంత మర్యాదగా అడుగుతుంటే బ్లాక్ అని ఎలా కొడతాం? అలౌ అన్నాను."

"ఒక్కసారేనా సార్?"

"అడిగినన్నిసార్లూ."

ఇంకొకరైతే నమ్మకపోదురు. నేను నమ్మాను. మా వైపు గుమ్మంలోకి వచ్చినవాణ్ణి పొమ్మనడం ఎవరికీ చేతకాదు. ముందు కూర్చోమంటాం, మంచినీళ్ళిస్తాం, ఆ తర్వాత ఎవరు బాబూ నువ్వు అని అడుగుతాం. ఆయన కంప్యూటరు దగ్గర కూడా అదే చేశారు.

రావులపాలెం వచ్చింది, పోయింది. నాకు ఉండబట్టలేదు. సారిక చెవిలో అన్నాను.

"లోపల ఇది చెప్తారంటావా?"

"ఏమో. నువ్వేం అడగకు."

"చెప్పకపోతే నువ్వు చెప్పు."

"రుజువేముంది అమ్మమ్మా? తప్పించుకోడానికి పెద్దాయన మీద వేసిందంటారు. చెప్తే ఆయనే చెప్పాలి."

ఆఫీసులో నన్ను వరండా బల్ల మీద కూర్చోబెట్టారు. ఉక్కకి తలుపు తీసే ఉంది. లోపల కరస్పాండెంటు అబ్రహాము గారు, కాగితాలు, పైన చప్పుడు చేసే ఫ్యాను. పిల్లల ముందు టీవీ ఎందుకు ఆర్పలేదని అడిగారు. సారిక ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గంట సంగతి చెప్పింది. ఆదివారం సంగతి చెప్పలేదు.

"చూడమ్మా, నిన్ను నేను అనుమానించడం లేదు" అన్నారు అబ్రహాము గారు. "కానీ ఊరు చల్లబడాలి. టీచరు అశ్రద్ధ అని రాసి తీసేస్తే కేసు లేకుండా పోతుంది. ఏమంటారు శాంతికుమార్ గారూ?"

కుర్చీ జరిగిన చప్పుడైంది. బల్ల మీద ఏదో టక్కుమని పడింది. తొంగి చూశాను. తాళంచెవి.

"ఇది ఆ పెట్టెదండి. ఆ రోజు నా జేబులో ఉంది. ఆ దొంగని ఆదివారం లోపలికి రమ్మన్నదీ నేనే. అశ్రద్ధ అన్నచోట నా పేరు రాయండి."

బస్సులో చెప్పిందంతా మళ్ళీ చెప్పారు, ప్లీజ్‌తో సహా. అబ్రహాము గారు కాగితాలు పక్కకి జరిపారు.

"ఏడాదిలో రిటైరవుతారు. ఆలోచించి మాట్లాడండి."

"సిద్ధాంతం బ్రిడ్జి దగ్గర్నుంచి అదే పని మీదున్నానండి."

"ఆ బొమ్మలు పంపినవాడెవడో ఉన్నాడుగా? తప్పు వాడిది కాదా?"

"వాడిదేనండి. దొరికితే వాడి పేరూ రాయండి. కానీ పిల్లల గది తలుపు తీసింది నేను. ఆపుదామన్న మనిషికి ఏదీ అందకుండా తాళం వేసుకుపోయింది నేను. ఈ అమ్మాయి తన పైట అడ్డం పెట్టి నిలబడింది. అలాంటి పిల్లని సంజాయిషీ అడిగిందీ నేనే. అన్నిటికంటే అది పెద్దదండి."

అప్పుడు సారిక గొంతు వినపడింది. "ఇలాంటివి ఆపే ప్రోగ్రాముకి గడువైపోయిందని సార్ మీకు రెండుసార్లు రాశారండి. ఆయన ఒక్కరి పేరే రాయకండి."

నాకు భయమేసింది. తేలిపోతున్నదాన్ని మళ్ళీ చెడగొడుతోందేమిటి ఈ పిల్ల అనుకున్నాను. అబ్రహాము గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"రాశారు. రెండూ నా బల్ల సొరుగులో ఉన్నాయి. సరే, నా పేరూ రాయిస్తాను."

సారిక మీద ఏ తప్పూ లేదని అక్కడే రాసి సంతకాలు చేశారు. శాంతికుమార్ గారిని మాత్రం విషయం తేలేదాకా బడికి వెళ్ళవద్దన్నారు, రాజమండ్రిలోనే ఉండమన్నారు. అక్కడ ఆయన కూతురి ఇల్లుంది.

మమ్మల్ని బస్సు ఎక్కించడానికి ఆయనే కాంప్లెక్సు దాకా వచ్చారు. తాళంచెవి సారిక చేతిలో పెట్టారు.

"పెట్టె తాళం తీసెయ్యమ్మా. మళ్ళీ వెయ్యకు. కేరల్స్‌కి ట్రాకులొద్దు, డోలక్ చాలు. ఇదివరకు అలాగే పాడలేదూ? శనివారానికి నేనొచ్చి ప్రాక్టీసు చేయిస్తాను."

నేను చేతులు జోడించాను. ఆయన నా చేతిలో ఉన్న సారిక సంచీ వైపు చూసి, "జిప్పు ఊడిందండీ, సామాను పడిపోతుంది" అన్నారు. ఆయన నల్ల సంచీకి జిప్పు చివరిదాకా వేసి ఉంది. కొంచెం వదలమని చెబుదామనుకున్నాను. చదువుకున్న మనిషి, నవ్వుతారని ఊరుకున్నాను. బస్సు కదిలేదాకా కిటికీ పక్కనే నిలబడి ఉన్నారు.

మా ఇంట్లోంచి సంచీతో వెళ్ళిన మనిషి అదే రోజు, అదే చీరలో తిరిగి రావడం నేను చూడటం అదే మొదలు. ఇంటికొచ్చి సంచీలో రెండో చీర మడత చెదరకుండా బయటికి తీస్తుంటే నాకు ఏడుపాగలేదు. "ఇప్పుడెందుకు?" అని సారిక కసిరింది. ఎందుకో నాకు తెలుసు.

మర్నాడు పెదబాబు వచ్చాడు. చేతిలో స్టీలు గిన్నె నిండా రొయ్యలు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు మామ్మగారూ. అంతా చెప్పారు. 'నీ కోపం న్యాయమే పెదబాబూ, పడాల్సింది నా మీద' అన్నారు. నేను..." అంటూ గిన్నె ముందుకి చాపాడు.

"ఇవి కూరకా, కేసుకా?" అంది సారిక లోపల్నుంచి.

"కూరకేనండి టీచరుగారూ. తలకాయలు తీయించే తెచ్చాను. ఇక తియ్యాల్సింది నా తలకాయే."

సారిక నవ్వింది. మా గుమ్మంలోకి వచ్చినవాణ్ణి పొమ్మనలేం కదా. నేను పీట వేశాను, మంచినీళ్ళిచ్చాను. తర్వాత బడికి కొత్త ప్రోగ్రాము ఎక్కించినప్పుడు దగ్గరుండి చూసుకున్నదీ పెదబాబే.

శనివారం శాంతికుమార్ గారు రాలేదు. ఇంకా తేలలేదన్నారు. ఆ పై శనివారమూ అంతే. కేరల్స్ సారికే నడిపించింది, డోలక్‌తో, గీతిక కంజిరా వాయిస్తే. ఆయన ఇంటికి తాళం వేసి ఉంది. అయినా పిల్లలు ఆ గుమ్మం ముందు ఆగి, అన్ని ఇళ్ళ ముందూ పాడినట్టే మూడు పాటలూ పూర్తిగా పాడారు. ఫోనులో వినిపించాం. "డోలక్ కొంచెం తొందరపడుతోంది" అన్నారాయన.

సారిక ఇప్పుడూ ఆ బడిలోనే ఉంది. పొద్దున్న వెళ్తుంది, సాయంత్రం వస్తుంది. అది గేటు తీసిన చప్పుడు విన్న ప్రతిసారీ దేవుడితో పాటు ఆయనకీ దణ్ణం పెట్టుకుంటాను. ఒక మనిషి వెళ్ళి తిరిగి రావడమంటే ఏమిటో నాకు చూపించింది ఆయనే.

శాంతికుమార్ గారు మా ఊరికి తిరిగి రాలేదు. ఆ విషయం తేలకముందే, 2023 ఏప్రిల్ ఆరో తేదీ గురువారం, రాజమండ్రిలో కూతురింట్లో చనిపోయారు.