పదకొండున్నరకు లాంగ్ బెల్

నేను ఒక రైలు పట్టా ముక్కను. పొడవు అడుగున్నర, బరువు పధ్నాలుగు కిలోలు. ప్రస్తుత నివాసం మండల విద్యాశాఖ ఆఫీసులో రికార్డు గది. పాత హాజరు పట్టీల మూటల పైన, కిటికీ ఊచకు గొలుసుతో వేలాడుతున్నాను. నా మెడలో ఒక అట్టముక్క కట్టారు. దాని మీద ఎర్ర సిరాతో 'తనంతట తాను మోగిన గంట' అని రాసి ఉంది. అందులో 'గంట' అన్న మాట ఒక్కటే నిజం. మిగతాది ప్రభుత్వ రికార్డు.

పుట్టింది ఏదో కొలిమిలో. ఎక్కడో గుర్తు లేదు. అప్పటికి నేనింకా ద్రవంగా ఉన్నాను, ఆ వయసు సంగతులు ఎవరికీ గుర్తుండవు. ఊహ తెలిసేసరికి రాయదుర్గం వైపు పోయే మీటర్ గేజ్ లైనులో కంకర మీద పడుకుని ఉన్నాను. అక్కడే నాకు చదువు అబ్బింది. చెప్పినవాడు గ్యాంగ్‌మన్ ఎర్రిస్వామి. మూడో తరగతి తప్పినవాడు. పట్టాకూ పట్టాకూ మధ్య సన్నటి సందు వదిలి, కొత్తగా పనిలో చేరినవాళ్ళకు చూపించేవాడు.

"ఎండకు ఇనుము సాగుతాదప్పా. సాగేదానికి చోటియ్యకపోతే వంకర తిరుక్కోని రైలునే పడేస్తాది. ఎండ మనల్నడిగి రాదు. మనమే ముందుగాల సందు పెట్టుకోవల్ల."

ఆ తర్వాత నేను పెద్ద చదువులు చదివినవాళ్ళ చేతుల్లో పడ్డాను. వాళ్ళ క్యాలెండర్లో అలాంటి సందు ఎంత వెతికినా కనిపించలేదు.

లైను బ్రాడ్ గేజ్ అయినప్పుడు నన్ను గ్యాస్ కట్టరుతో కోసి పాత ఇనుము కొట్టుకు తోలారు. అక్కణ్ణించి దాసరికల్లు కమ్మరి నన్ను తెచ్చుకుని ఎనిమిదేళ్ళు దాగలిగా వాడుకున్నాడు. నా వీపు మీద పెట్టి కొడవళ్ళు సాగగొట్టేవాడు. హగరి ఏరు ఎండిపోయి, గాలి ఆ ఇసుకను తెచ్చి చేల మీద పోశాక ఊళ్ళో కొడవళ్ళతో పని తగ్గిపోయింది. కోసేదేమీ లేనప్పుడు కొడవలి ఎందుకు? కమ్మరి కొలిమి ఆర్పేసి, నన్ను బడికి ఇచ్చేశాడు. నా చివర బోల్టు కోసం తొలిచిన రంధ్రం ఉంది కదా, దాంట్లో గొలుసు దూర్చి వరండా ముందర రెండు రాతి కూసాల మధ్య వేలాడదీశారు. అలా నేను గంటనయ్యాను.

దాసరికల్లును చూడనివాళ్ళు ఆంధ్రదేశంలో ఎడారి ఉందంటే నమ్మరు. బడి వెనక గోడను ఇసుక మేట సగం దాకా మింగేసింది. పిల్లలు నిచ్చెన లేకుండానే రేకుల కప్పు మీదికి ఎక్కుతారు. బడి ఆయా వన్నూరమ్మ రోజూ పొద్దున తట్టలతో వరండాలోని ఇసుక ఎత్తి అవతల పోస్తుంది. మర్నాటికి అది మళ్ళీ వచ్చి కూచుంటుంది. హాజరు విషయంలో ఆ బడిలో ఇసుకను మించినవాళ్ళు లేరు.

నన్ను కొట్టేది కూడా వన్నూరమ్మే. రైల్వే వాళ్ళదే ఒక పెద్ద బోల్టు ఆమె దగ్గర ఉంది. పీరియడ్‌కు ఒక దెబ్బ, అన్నానికి మూడు, ఇంటికి పోవడానికి గుక్క తిప్పుకోకుండా కొట్టే లాంగ్ బెల్. ఆమె పర్మినెంటు మనిషి కాదు. తల్లిదండ్రుల కమిటీ పెట్టిన మనిషి. పెట్టుకోవడానికి ప్రతి జూన్‌లో తీర్మానం కావాలి, తీసెయ్యడానికి ఒక్క సంతకం చాలు.

హెడ్‌మాస్టరు కుళ్ళాయప్ప సార్ మంచివాడు, సైన్సు బాగా చెబుతాడు. ఏటా ఏడో తరగతి పిల్లల్ని బయటికి తీసుకొచ్చి, నన్ను ముట్టుకోమని, వేడికి లోహం సాగుతుందని చెప్పేవాడు. ఆయనకు ఉన్నది ఒకటే జబ్బు. సర్క్యులర్ లేనిదే తుమ్మడు.

ఆ ఏడు ఫిబ్రవరిలో, శివరాత్రి ఇంకా నాలుగు రోజులుందనగా, ఎండ వచ్చేసింది. తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవలసిన రోజుల్లో జనం వరండాల్లో తడి గుడ్డలు కట్టుకున్నారు. సెల్‌ఫోన్లలో నలభై ఒకటి అని చూపించింది. నాకు ఫోను అక్కర్లేదు. పదిన్నరకే నా ఒళ్ళు సాగడం తెలుస్తోంది. ఎర్రిస్వామి ఉంటే ఆ రోజు పట్టాల వెంట పరుగెత్తేవాడు.

కుళ్ళాయప్ప సార్ ధైర్యం చేసి మండల విద్యాధికారి ఇందుశేఖర్ గారికి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు కాబట్టి నాకూ వినిపించింది.

"సార్, ఎండలు బాగా ఎక్కువైనాయి. ఒంటిపూట బడి పెట్టుకుంటే..."

"ఇది ఏం నెల కుళ్ళాయప్పా?"

"ఫిబ్రవరి సార్."

"ఫిబ్రవరిలో ఏముంటుంది?"

"చలి సార్."

"మరి?"

కుళ్ళాయప్ప సార్ ఫోన్ పెట్టేసి, జేబురుమాలుతో ఆ చలిని తుడుచుకున్నాడు.

మర్నాడు పదిన్నరకు ఆరో తరగతిలో భూలక్ష్మి అనే పిల్ల లేచి నిలబడి, జవాబు చెబుతూ చెబుతూ కింద పడిపోయింది. రేకుల కింద గది పొయ్యి మీద పెనంలా ఉంది. వన్నూరమ్మ ఆ పిల్లను వరండాలోకి ఎత్తుకొచ్చి, మొహం మీద నీళ్ళు చల్లి, కళ్ళు తెరిచాక ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగించింది. పిల్ల తేరుకున్నాక వన్నూరమ్మ నేరుగా హెడ్‌మాస్టరు గదికి పోయింది.

"పిల్లోళ్ళను ఇండ్లకు పంపిద్దాం సార్. ఇప్పుడైతే ఇసక ఇంకా కాల్లేదు. పన్నెండు దాటితే కాలు పెట్టలేరు, ఆడినించి నాలుగుదాకా ఈ రేకుల కిందే ఉడకల్ల."

"ఆర్డరు రావాలమ్మా."

"ఎప్పుడొస్తాది సార్?"

"ప్రతి ఏడూ మార్చి నడిమికి వస్తుంది."

"అట్లయితే ఆ పాపకు చెప్పండి సార్, మార్చి నడిమిదాకా పడిపోవద్దని."

ఆమె వంటామెతో మాట్లాడి అన్నం పదకొండుకే పెట్టించింది. గుడ్డు కూడా మరిచిపోలేదు. పదకొండున్నరకు బోల్టు తీసుకుని నా దగ్గరికి వచ్చింది. ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది.

"ఈ పని పోతే మిరపకాయలు తెంపేకి బళ్ళారి దిక్కు పోవల్ల," అంది మెల్లగా. "పోతే పోనీలే."

తర్వాత కొట్టింది. ముప్పై రెండు దెబ్బలు. రైలు నా మీద పోయినప్పుడు కూడా నేను అంతగా అదిరింది లేదు. సరిగ్గా ఆ సమయానికి కుళ్ళాయప్ప సార్ అలమరలో తల పెట్టి ఏదో కాగితం వెతకడం మొదలుపెట్టాడు. పిల్లలందరూ గేటు దాటాక గాని అది దొరకలేదు.

ఎవరో తండ్రి సంతోషం కొద్దీ 'మా బడికి ఒంటిపూట' అని సెల్‌ఫోన్‌లో స్టేటస్ పెట్టాడు. సాయంత్రానికి అది ఆఫీసుకు చేరింది. పిల్ల పడిపోయిన వార్త మాత్రం చేరలేదు. రెండో రోజు మెమో వచ్చింది. వేసవి ఇంకా ప్రారంభం కానందున, అనుమతి లేకుండా గంట మోగించిన వ్యక్తిపై విచారణ జరిపి తొలగింపునకు చర్యలు తీసుకోబడును. విచారణ స్థలం పాఠశాల. సమయం మధ్యాహ్నం రెండు గంటలు.

రెండు గంటలకు ఇందుశేఖర్ గారి కారు ఊరి మొదట్లోనే ఇసుకలో కూరుకుపోయింది. ఆయన నడిచి వచ్చాడు. బూట్లలో ఇసుక పోసుకుని వచ్చాడనడం సరైన మాట. నేరుగా నా దగ్గరికొచ్చి, "ఇదేనా ఆ గంట?" అంటూ నా మీద అరచెయ్యి వేశాడు. ఆ చెయ్యి వెనక్కి తీసుకున్న వేగం ఆయన ఆఫీసులో ఏ ఫైలూ చూసి ఉండదు.

రేకుల గదిలో కుర్చీ వేశారు. కరెంటు లేదు. వన్నూరమ్మ గడప దగ్గర నిలబడింది. ఆయన పేరు, ఊరు అడిగాడు. వయసు అడిగేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. పది నిమిషాలు కాకముందే లేచి, ఒక కాగితం తీసుకుని నిలబడే రాశాడు. 'ఎండ తీవ్రత దృష్ట్యా ఈ పాఠశాల విచారణ రేపటి నుండి ఉదయం ఎనిమిది గంటల నుండి పదకొండున్నర వరకు ఒంటిపూట మాత్రమే ఆఫీసులో జరపబడును.' సంతకం పెట్టి, సంచిలోంచి స్టాంపు తీసి గుద్దాడు. సాక్ష్యంగా నన్ను గొలుసుతో సహా విప్పించాడు. బోల్టు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. అది వన్నూరమ్మ కొంగులో ఉండిపోయింది.

ఆయన ఫ్యాను కిందికి వెళ్ళిపోయాడు. పిల్లలు నాలుగింటి దాకా రేకుల కిందే ఉన్నారు.

కుళ్ళాయప్ప సార్ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. ఆయన మొహంలో ఆకలేసినవాడికి విస్తరి కనిపించినప్పటి వెలుగు నేను చూశాను. నన్ను కారు వెనక డిక్కీలో పడేస్తున్నప్పుడు కూడా ఆయన దాన్నే చదువుతున్నాడు.

మర్నాడు ఆఫీసులో, ఫ్యాను కింద, విచారణ మొదలైంది. కుళ్ళాయప్ప సార్ మెమోకు తన జవాబు ఇచ్చాడు. దాని వెనక నిన్నటి కాగితం నకలు గుచ్చి ఉంది.

"ఇది ఎందుకు జత చేశావు?" అన్నాడు ఇందుశేఖర్.

"మీ సంతకం, స్టాంపు ఉన్నాయి కదా సార్. ఎండ తీవ్రత అని కూడా ఉంది. ఆర్డరే అనుకున్నాను. పిల్లలకు ఈ రోజు నుంచి అదే టైము పెట్టేసినాను."

ఇందుశేఖర్ గారు ఆ నకలును రెండుసార్లు తిరగేశాడు. ఎండ లేదంటే తన కాగితం తప్పు. ఉందంటే గంట కొట్టినామె తప్పు కాదు. ఇందుశేఖర్ గారు గుమస్తా ఉమాపతి వైపు చూశాడు. ఉమాపతి బల్ల మీద పడి ఉన్న నా వైపు చూశాడు.

"మనిషి కొట్టిందంటే చర్య రాయాల సార్," అన్నాడు ఉమాపతి. "మనిషి కొట్టలేదంటే..."

"కుళ్ళాయప్పా, ఎండకు ఇనుము సాగుతుంది కదా?" అన్నాడు ఇందుశేఖర్.

"సాగుతుంది సార్. ఏడో తరగతి పాఠం."

"సాగేటప్పుడు శబ్దం వస్తుందా?"

"రాదని పుస్తకంలో ఎక్కడా లేదు సార్."

అప్పుడు గడప దగ్గర నుంచి వన్నూరమ్మ ముందుకొచ్చింది. "ఇనుము యాడన్నా దానంతటదే కొట్టుకుంటాదా సార్? నేనే కొట్టినా. ముప్పై రెండు దెబ్బలు."

"అమ్మా, నిన్నెవరూ అడగలేదు."

"విచారణ అన్నారు గదా సార్. అడుగుతారనుకుంటి."

హెడ్‌మాస్టరు ఆమె మోచెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకుపోయాడు. నివేదిక పావుగంటలో తయారైంది. తీవ్రమైన ఎండకు ఇనుము వ్యాకోచం చెంది, తనంతట తానుగా శబ్దం వెలువడినట్లు తేలినది. ఇందులో ఎవరి ప్రమేయమూ లేదు. గంటను ఆఫీసు స్వాధీనంలో ఉంచవలెను.

ఆమె ఉద్యోగం నిలిచింది. ఆమె చేసిన పని మాత్రం నా పేరు మీద రాశారు. పోయేముందు ఆమె నా అట్టముక్క ఉమాపతితో చదివించుకుని, "నీకిచ్చినారే పేరంతా," అంది. నాకు సిగ్గేసింది. ఇనుముకు సిగ్గేస్తే ఎర్రబడదు, అదొక్కటే మేలు.

దాసరికల్లు పిల్లలు ఒంటిపూట ఇంటికి పోయారు. అదే ఎండలో, అదే ఇసుకలో, మూడు మైళ్ళ అవతలి ఊరి పిల్లలు నాలుగింటి దాకా కూచున్నారు. వాళ్ళ బడిలో ఉన్నది ఇత్తడి గంట. మార్చి నడిమికి అసలు ఆర్డరు వచ్చింది. ఆ రోజు మబ్బు పట్టి, చల్లటి గాలి వీచి, నాలుగు చినుకులు కూడా పడ్డాయి.

నేను ఆఫీసులో వింత వస్తువునయ్యాను. ఉమాపతి నన్ను కిటికీకి వేలాడదీసి వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు. చూపించి చూపించి ఆయనకూ నమ్మకం కుదిరింది. ఒక శుక్రవారం నాకు కుంకుమ బొట్టు పెట్టాడు. మా బడికి కరెంటు బెల్ ఇచ్చారు. మధ్యాహ్నం కరెంటు ఉండదు కనుక వన్నూరమ్మ అన్నం పళ్ళెం మీద బోల్టుతో కొడుతోందని విన్నాను.

మళ్ళీ ఫిబ్రవరి వచ్చింది. ఎండ ఈసారి ఇంకో వారం ముందే వచ్చింది. ఆ ఉదయం వన్నూరమ్మ హెడ్‌మాస్టరు ఉత్తరం పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. ఒంటిపూటకు అనుమతి కావాలని, మండలంలో పధ్నాలుగు బళ్ళ హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టిన ఉత్తరం. ఇందుశేఖర్ గారు చదివి, "పైనుంచి ఆర్డరు రావాలి," అన్నాడు.

ఆమె వాదించలేదు. పోతూ పోతూ రికార్డు గదిలోకి వచ్చి నా మీద అరచెయ్యి పెట్టింది.

"ఈడగూడా కాలుతాండావే."

"ముట్టుకోవద్దమ్మా," అన్నాడు ఉమాపతి. "ఎండకు దానంతటదే మోగుతాది అది."

"ఔనా సార్? మళ్ళా మోగిందా?"

ఉమాపతి ఆలోచించాడు. "ఇంకా లేదు."

గోడ గడియారం పదకొండున్నరకు రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఉమాపతి పక్క గదిలోకి నీళ్ళు తాగడానికి వెళ్ళాడు. వన్నూరమ్మ కొంగు ముడి విప్పింది.

ఏడాది తర్వాత ఆ బోల్టు తగిలేసరికి నా ఒళ్ళంతా లేచి కూచున్నట్టయింది. ఆమె గుక్క తిప్పుకోకుండా కొట్టింది. ఆఫీసులో ఐదుగురు గుమస్తాలు పెన్నులకు మూతలు పెట్టి, సంచులు భుజాన వేసుకుని లేచారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగం కన్నా పదేళ్ళ బడి అలవాటు గట్టిది. ఇందుశేఖర్ గారు కళ్ళజోడు చేత్తో పట్టుకుని గదిలోంచి వచ్చాడు. అప్పటికి వన్నూరమ్మ చేతులు కట్టుకుని తలుపు పక్కన నిలబడి ఉంది.

"ఎవరు కొట్టారు?"

గ్లాసు పట్టుకుని పరుగెత్తుకొచ్చిన ఉమాపతి, నాకు చేతులెత్తి దండం పెడుతూ అన్నాడు. "దానంతటదే మోగింది సార్. పోయినేడు మీరే తేల్చినారు గదా, తీవ్రమైన ఎండకు."

ఇందుశేఖర్ గారు నన్ను చూశాడు. నా మెడలోని అట్టముక్క చూశాడు. దాని అడుగున తన సంతకం చూశాడు. ఆ తర్వాత వన్నూరమ్మను చూశాడు.

"నన్నెవరూ అడగలేదు గదా సార్," అంది ఆమె.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఉమాపతిని ఆ పధ్నాలుగు బళ్ళ ఉత్తరమూ, తెల్ల కాగితమూ, స్టాంపూ తెమ్మన్నాడు.

నేను ఇంకా సన్నగా వణుకుతూనే ఉన్నాను. దెబ్బ తిన్న ఇనుము అంత తొందరగా ఊరుకోదు.