బ్యారన్‌లో దాచిన కోడెలు

తొలకరి వానలకు పత్తిచేలు బురదబురదగా ఉన్నాయి. అద్దంకి పక్క పల్లెలో బుల్లయ్య పెంచుకుంటున్న ఒంగోలు కోడెల జతలో పెద్దోడు పొద్దున్నే కుంటుతూ కనిపించాడు.

ఆ పెద్దోడూ చిన్నోడూ అంటే బుల్లయ్యకు ప్రాణం. తను తినకపోయినా వాటికి ఉలవలు ఉడకాల్సిందే. ఇంకా పాలపళ్లు ఊడని కోడెలు బండలాగే పందెం దగ్గరపడింది. అందుకే మొన్న పశువుల డాక్టరు షమా జబ్బవాపు టీకాలు పట్టుకుని ఊళ్లోకొస్తే, సూది గుచ్చితే మెడమీద గడ్డకడుతుంది, ఇక కాడి ఆనదని భయపడి రెంటినీ పొగాకును పొయ్యి వేడికి ఆరబెట్టే పాత బ్యారన్‌లో దాచేశాడు. అడిగితే అమ్మేశానన్నాడు.

ఇప్పుడు పెద్దోడి ముందుకాలి జబ్బ ఉబ్బింది. ఒళ్లు కాలిపోతోంది. పక్కింటి బాపయ్య వచ్చి చూసి, బెణికిందిలే, వాత పెడితే దిగిపోతుందని ఇనపకడ్డీ ఎర్రగా కాల్చుకొచ్చాడు. బుల్లయ్య ముకుతాడు బిగించి పట్టుకున్నాడు కూడా. ముందు కాస్త ఆముదం రాద్దామని బుల్లయ్య భార్య పేరమ్మ వాపు మీద చెయ్యేసి నొక్కింది. తోలు కింద ఎండుమిరపకాయలు నలిగినట్టు చిటచిటమంది.

"ఆ కడ్డీ అవతల పారెయ్ అన్నయ్యా. ఇది బెణుకు కాదు, జబ్బవాపు," అంది పేరమ్మ. మొగుడివైపు తిరిగింది. "చూస్తావేందయ్యా, డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి."

అమ్మేసిన కోడెకు జబ్బేంటని అడుగుతుందేమోనని బుల్లయ్య ఫోన్లో అదీ ఇదీ అని నసిగాడు. చివరికి బ్యారన్ సంగతి చెప్పేశాడు. షమా తిట్టలేదు. వాత పెట్టొద్దని, రెండోదాన్ని దూరంగా కట్టేయమని చెప్పి బయల్దేరింది.

నల్లరేగడి దారిలో ఆమె స్కూటీ కూరుకుపోయింది. బుల్లయ్య ట్రాక్టరెక్కి, బురద నెత్తిదాకా చిమ్ముతుంటే చేలకడ్డంపడి వెళ్లాడు. వస్తున్నంతసేపూ ఆమె ఒక చేత్తో మడ్‌గార్డు పట్టుకుని, ఇంకో చేత్తో మందులపెట్టె ఒళ్లో అదుముకుని కూర్చుంది. దిగీదిగగానే నరానికి పెన్సిలిన్ ఎక్కించింది. వాపు చుట్టూ కూడా పొడిచింది.

"బతుకుద్దా అమ్మా?" అన్నాడు బుల్లయ్య.

"ఇప్పుడే చెప్పలేను బాబాయ్. ఇంకాస్త ఆలస్యమైతే మాత్రం నేను రావాల్సిన పనుండేది కాదు."

సాయంత్రం దాకా పెద్దోడు తల వాల్చేసే ఉన్నాడు. మర్నాడు తెల్లారి పేరమ్మ కేకకు బుల్లయ్య పంచె ఎగ్గట్టుకుంటూ పరిగెత్తాడు. పెద్దోడు మూడుకాళ్ల మీద నిలబడి, ఖాళీ ఉలవల గమేళాను ముట్టెతో నెడుతున్నాడు. బుల్లయ్య వాడి గంగడోలు పట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వేశాడు.

మళ్లీ సూదులేయడానికొచ్చిన షమా, చిన్నోడికి జ్వరం లేదు, టీకా వేస్తానంది. గడ్డ కడితే పందెం పోతుంది మరి, అంది.

"పోనీయండమ్మా. పందెం మళ్లీ వస్తది," అంటూ బుల్లయ్య తనే మెడ వంచి పట్టుకున్నాడు.

అదంతా చూస్తున్న బాపయ్య ఎప్పుడు జారుకున్నాడో! కాసేపటికి తన కోడెలు రెంటినీ తోలుకుంటూ వచ్చాడు. వాటి తెల్లటి ఒంటినిండా బ్యారన్ మసి.

పేరమ్మ నడుమ్మీద చెయ్యేసుకుంది.

"ఏం అన్నయ్యా, నువ్వు అమ్మినయ్యి కూడా తిరిగొచ్చినయ్యా?"