వియ్యాలవారింటికి గాలంకర్ర

హనావ సోహే గారు గాలంకర్ర కొనడానికి నల్ల పట్టు కిమోనో కట్టుకుని, నడుముకి తెల్ల మడత విసనకర్ర దోపుకుని దుకాణానికి వెళ్లారు. అది పెళ్లికో చావుకో తప్ప పెట్టెలోంచి బయటికి రాని బట్ట. గుమ్మంలో ఆయన్ని చూడగానే దుకాణం నడిపే కినుయో గభాలున లేచి నిలబడింది.

"అయ్యో, ఎవరండీ పోయింది?"

"ఎవరూ పోలేదమ్మా. ఆదివారం పిల్లవాళ్ల ఊళ్లో, సవారాలో, మావాడి నిశ్చితార్థం."

"మరి ఇప్పుడే ఈ వేషమేమిటి?"

"గుండెల దగ్గర మడతలో పట్టే కర్ర కావాలి. ఇది కట్టుకుని చూస్తే గాని పట్టేదీ లేనిదీ తెలీదుగా."

కినుయో ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. "కొడుకు నిశ్చితార్థానికి గాలం తీసుకెళ్తున్నారా? మినోరుకి తెలుసా?"

"తెలిస్తే మడతలో ఎందుకమ్మా?"

సోహే గారికి తనాగో చేపల పిచ్చి. తనాగో బొటనవేలంత ఉంటుంది. ఆ చేపను పట్టేవాళ్లలో పెద్దది పట్టినవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు. ఎంత చిన్నది పడితే అంత గొప్ప. ఆడపెళ్లివారింటికి మొదటిసారి మాట్లాడటానికి వెళ్లినప్పుడు, చేతులు కడుక్కొస్తానని లేచి, పెరటి వెనక కాలవలో తళుక్కుమన్నదేదో చూసి అక్కడే ఉండిపోయారు. తిరిగి వచ్చేసరికి టీ చల్లారింది, ఆయన మోకాళ్లు తడిసిపోయాయి. పిల్ల తండ్రి ఇసోగాయ్ మాస్టారు పిల్లలకి పూసల చట్రం మీద లెక్కలు నేర్పే మనిషి. నవ్వగా చూసినవాళ్లు లేరు. ఆ రోజు ఏమీ అనలేదు. తర్వాత మధ్యవర్తిగా ఉన్న నెమోతో అనే తాత ద్వారా "ఆలోచిస్తున్నాను" అని మాత్రం కబురు పెట్టారు. అలాంటి మనిషి ఆలోచిస్తున్నాడంటే ఏమిటో అందరికీ తెలుసు. పిల్ల ఫుమియె పంతం పట్టబట్టి వ్యవహారం ఇంతదాకా వచ్చింది.

ఎన్నడూ గొంతు పెంచని మినోరు నిశ్చితార్థం ఖాయమైన రాత్రి తండ్రి ముందు చాప మీద రెండు చేతులూ ఆనించి, "నాన్నా, ఈ ఒక్కసారికి కర్ర చేతబట్టి రాకు. ఈ సంబంధం గనక తప్పిపోతే నేను..." అని ఆగిపోయాడు. సోహే గారు మాటిచ్చారు. చేతబట్టనన్నాను గాని మడతలో పెట్టుకోనన్నానా అని తర్వాత తనకి తానే సర్దిచెప్పుకున్నారు. సర్దుబాటు నీతిగా లేదని ఆయనకీ తెలుసు. కానీ భార్య పోయాక, పొద్దున్నే కాసేపు నీటి మీద గాలపు బెండు చూస్తే తప్ప రోజంతా ఊపిరి సరిగా ఆడటం లేదు. నిశ్చితార్థంలో పిల్లవాడి తల్లి కూర్చోవలసిన చోటు ఖాళీగా ఉంటుంది. దాని పక్కన కూర్చోవాలంటే ముందు ఒక్క గంట కాలవ గట్టున గడవాలి.

ఆ సంగతి చెప్పకపోయినా కినుయోకి ఎక్కడో అందినట్టుంది. కర్రలు దించింది.

మొదటిది, ఒకదాంట్లోంచి ఒకటి జారి వచ్చే కొత్తరకం ఫైబర్‌గ్లాసు కర్ర. మడతలో పెట్టుకుంటే పిస్తోలు దాచుకున్నట్టు ఉబ్బింది. రెండోది సన్నగా బాగానే ఉంది గాని, "వంగి దండం పెట్టి చూడండి" అని కినుయో అనగానే సోహే గారు వంగితే, కొస పైకొచ్చి గడ్డం కింద పొడిచింది. మూడోది వెదురుది. ఐదు ముక్కలు, మూట కడితే జానెడు. సోహే గారు నేల మీద కూర్చుని నుదురు ఆనేదాకా వంగారు. పొడవలేదు. నమ్మకం కుదరక మళ్లీ వంగారు, మళ్లీ వంగారు.

వీధిలో పోతున్న తోఫు, అదే సోయాపాల జున్ను, అమ్మేవాడు ఆగి, "పాపం, ఏం తప్పు చేశారో గాని క్షమించెయ్యి కినుయో!" అన్నాడు.

"ఇంకా కొననేలేదయ్యా, అప్పుడే ఎలా క్షమిస్తాను?"

కర్రకి ఆవిడే పాత జరీ నడికట్టు ముక్కతో తొడుగు కుట్టి ఇచ్చింది. "ఎవరన్నా చూసినా విసనకర్ర అనుకుంటారు లెండి."

ఆదివారం సోహే గారు అందరికంటే ముందు రైలుకి వెళ్లారు. ప్లాట్‌ఫారం మీద మినోరు నిలబడి ఉన్నాడు. "నువ్వు ఈ రైలుకే వస్తావని తెలుసు నాన్నా" అన్నాడు. సవారాలో దిగాక కాలవ పొడుగునా తండ్రిని నీళ్ల వైపు కాకుండా గోడల వైపు నడిపించాడు. కర్ర మడతలో అలాగే ఉండిపోయింది.

ఇసోగాయ్ గారింట్లో చాపలు తుడిచి మెరుస్తున్నాయి. సోహే గారికి వేసిన మెత్త పక్కన మరో మెత్త వేసి ఉంది. దాని ముందు ఆవిరి కక్కుతూ ఒక టీ కప్పు.

"అక్కయ్యగారికి" అంది ఫుమియె తల్లి మెల్లగా. "ఆవిడా వచ్చినట్టే కదండీ."

ఆయన కళ్లు నిండిపోయాయి. అప్పుడే నెమోతో తాత దగ్గాడు. అందరూ మర్యాదకి నడుముల్లోంచి విసనకర్రలు తీసి, మోకాళ్ల ముందు అడ్డంగా పెట్టుకుని వంగారు. ఎదుట ఏమీ కనిపించక సోహే గారి చెయ్యి నడుముకి బదులు గుండెల దగ్గరికి పోయింది. జరీ తొడుగు తీసి మోకాళ్ల ముందు పెట్టి, ఆయనా వంగారు.

లేచేసరికి మినోరు మొహం తోఫు ముక్కలా పాలిపోయి ఉంది.

నెమోతో తాతకి కళ్లలో పొరలు. జరీ మెరుపు చూసి, ఇదీ పెళ్లికొడుకు వారి కానుకే, వాళ్ల వైపు ఆచారం కాబోలు అనుకున్నాడు. రెండు చేతులా ఎత్తి, తాము తెచ్చిన ఎండు చేపా సముద్రపు నాచూ ఉన్న కానుకల పళ్లెంలో పెట్టి ఇసోగాయ్ మాస్టారి ముందుకి జరిపాడు. "ఎండు చేప దీర్ఘాయుష్షుకి. నాచు సంతోషానికి. ఇది... ఇదీ..." అని సోహే గారి వైపు తిరిగాడు.

ఇసోగాయ్ మాస్టారు తొడుగు తాడు విప్పారు. ఐదు వెదురు ముక్కలు బయటపడ్డాయి.

"ఇది దేనికండీ?"

"మాస్టారూ... విడివిడిగా ఉంటే దేనికీ పనికిరాదండి. ఒకదాంట్లో ఒకటి ఒదిగితే నీళ్లదాకా అందుతుంది."

మినోరు కళ్లు మూసుకున్నాడు.

"ఏం పడుతుంది దీనికి?"

"తనాగో. గోరంతది పడితే మహా గొప్ప. చిన్నదయ్యేకొద్దీ గొప్పండి."

"లెక్క తలకిందులుగా ఉందే" అని మాస్టారు ముక్కల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చసాగారు. పూసలు కదిపే వేళ్లు కదా, చకచకా సాగాయి. ఐదో ముక్క బిగించి, పొడవెంతో చూద్దామని ఒక్కసారి ముందుకి చాచారు. టప్పుమంది. కొస కాగితపు తలుపులోంచి అవతలి గదిలోకి పోయింది.

"అయ్యయ్యో! నిన్ననే కదండీ కొత్త కాగితం అంటించాను!" అంది ఆయన భార్య, ఎదుట ఎవరున్నారో మరిచిపోయి. "పిల్లలు ఒక్క పూస తప్పు జరిపితే అరగంట చీవాట్లు పెడతారు!"

ఫుమియె రెండు చేతులతోనూ నోరు మూసుకుంది. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. కర్ర పట్టుకుని లేచి పెరటి దారిన వెళ్లిపోయారు.

"అయిపోయింది" అన్నాడు నెమోతో తాత.

"మాటిచ్చావు నాన్నా" అన్నాడు మినోరు.

"ఇచ్చాన్రా." సోహే గారు లేచి మాస్టారి వెనకాలే వెళ్లారు.

మాస్టారు కాలవ మెట్ల మీద, తెల్ల మేజోళ్లతోనే నిలబడి కర్రతో కుస్తీ పడుతున్నారు. అడుగుల చప్పుడుకి ఉలిక్కిపడి, గొంతు తగ్గించి, "మూడో ముక్కలోంచి నాలుగోది ఊడటం లేదండీ" అన్నారు. "మీ వంశపు వస్తువు. పాడుచేశానేమో."

"వంశమూ లేదు, ఏమీ లేదు మాస్టారూ. పోయిన వారం కొన్నాను." ఇక దాచలేక సోహే గారు మడత సంగతి, మాట సంగతి, పక్కన మెత్త చూసి చెయ్యి తడబడిన సంగతి, అన్నీ చెప్పేశారు. "తప్పు నాది. మావాడికి ఏమీ తెలీదు. వాణ్ణి కాదనకండి."

మాస్టారు నీళ్లలోకి వంగి చూశారు.

"అయితే ఆ రోజు మోకాళ్లు తడిసింది..."

"వీటి కోసమేనండి. మీ కాలవ నిండా ఉన్నాయి."

"మా కాలవలోనా? ఇక్కడే పుట్టి పెరిగాను, నాకెప్పుడూ కనబళ్లేదే!" మాస్టారు ఇంటి వైపు ఓరగా చూశారు. "సరే, ముందు దీన్ని ఊడదీయండి. ఇది విరిగిందంటే మా ఆవిడ కాగితంతో పాటు ఇదీ నా నెత్తినే రుద్దుతుంది."

"బిగుసుకుంటే ఒక్కరి వల్ల కాదండి. నేనిటు, మీరటు."

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని, మెట్టుకి కాలు తన్నిపెట్టి లాగారు. పళ్లు బిగించారు, మూలిగారు. పట్టు కిమోనోలు మోకాళ్లదాకా ఎగదోసుకుపోయాయి.

వెతుక్కుంటూ వచ్చిన మినోరు గుమ్మంలోంచి అది చూసి పరుగెత్తాడు. "నాన్నా! వదులు! మాస్టారూ, మీ కాళ్లు పట్టుకుంటాను, కొట్టుకోకండి!" అంటూ మాస్టారి నడుం వాటేసుకున్నాడు.

"నన్ను కాదయ్యా, మీ నాన్నని! అటు పోయి ఆయన నడుం పట్టుకో. పట్టుకుని గట్టిగా లాగు అల్లుడూ!"

మినోరు చేతులు సడలిపోయాయి. "ఏమన్నారు?"

"లాగమన్నాను!" అన్నారు మాస్టారు.